బీరువాల షెడ్డు కాంపౌండరు

అతను కాంపౌండరు కాదు. ఆ మాట ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే ఆ షెడ్డులో కొత్తగా చేరినవాళ్ళు మొదట్లో అతన్ని నిజం కాంపౌండరే అనుకునేవారు. ఇనప బీరువాలు చేసే షెడ్డులో కాంపౌండరుకేం పనండీ? అతని పని రేకు వంచడం. మనిషంత పొడవు రేకుని యంత్రం నోట్లో పెట్టి, పిడి లాగి, గీత గీసినట్టు మడత పెట్టేవాడు. ఆ మడతలో వెంట్రుకవాసి తేడా వచ్చినా బీరువా తలుపు జన్మలో సరిగా పడదు. అతను వంచిన తలుపు మాత్రం చిటికెన వేలితో తోస్తే టక్కున పడేది.

మరి ఆ పేరెలా వచ్చిందంటే, రేకు వల్లే వచ్చింది. కోసిన రేకు అంచు ఎంత పాపిష్ఠిదో ఆ పని చేసినవాళ్ళకే తెలుసు. తగిలినట్టే ఉండదు, చూసుకుంటే చెయ్యంతా రక్తం. వెల్డరుకి నిప్పురవ్వలు, గ్రైండింగు చేసేవాడికి ఇనప రజను, లప్పం పట్టించేవాడికి గరుకు కాగితంతో రుద్ది రుద్ది వేళ్ళ చివర తోలు లేచిపోవడం. ఒంటి మీద గాటు లేని మనిషి ఆ షెడ్డులో లేడు. దెబ్బ తగిలినవాడు తగిలిన చెయ్యి రెండో చేత్తో పట్టుకుని, "కాంపౌండరూ!" అని కేకేసుకుంటూ రేకు వంచే యంత్రం దగ్గరికి వచ్చేవాడు. అతను పని ఆపి, యంత్రం వెనక గూట్లోంచి ఒక తెల్లటి వెడల్పాటి డబ్బా తీసేవాడు. చూపుడు వేలితో ఇంత మందు తీసి, దెబ్బ మీద నిండుగా పూసి, "పో, పెళ్ళికి ముందే మానిపోతుంది" అనేవాడు. ముగ్గురు పిల్లల తండ్రితో కూడా అదే మాట అనేవాడు.

ఆ మందు అతని సొంత కనిపెట్టుడు. జ్వరానికో గొంతు నొప్పికో డాక్టరు రాసిన గొట్టం మాత్రలు ఎవరింట్లో మిగిలినా కాంపౌండరుకి చేరాల్సిందే. ఎందుకు మిగలవు? జ్వరం కాస్త తగ్గగానే మాత్రలు మానేసే మహానుభావులే అందరూ. ఎర్రవి, పసుపువి, సగం నలుపు సగం ఎరుపువి, అన్నీ యాంటీబయాటిక్‌లే. అతను వాటిని మధ్యకి విప్పి, పొడి దులిపి, పగిలిన పెదాలకి రాసుకునే జెల్లీలో వేసి, ఉండలు కట్టకుండా కలిపేవాడు. దాని వెనక అతనికో సిద్ధాంతం కూడా ఉండేది.

"మింగితే ఏమవుతుందిరా? పొట్టలోకి పోయి, పొట్టలోంచి రక్తంలోకి పోయి, ఒళ్ళంతా ఊరేగి పుండు దగ్గరికొచ్చేసరికి దానికే ఓపికుండదు. అదే తిన్నగా పుండు మీద పెట్టావనుకో, ఇంకెక్కడికి పోతుంది చెప్పు?"

అబద్ధమెందుకు, వింటుంటే మనకీ సబబుగానే అనిపిస్తుంది. షెడ్డు మొత్తానికీ అలాగే అనిపించింది. దెబ్బలు మానేవి కూడానూ. ఏ మందూ రాయకపోయినా అందులో సగం మానేవని అనడానికి అక్కడ ఎవరికీ నోరు రాలేదు, ఎందుకంటే రాయకుండా ఎవరూ ఉండలేదు.

అదే షెడ్డులో బీరువాలకి రంగు కొట్టేవాడు అతని తమ్ముడు. అందరూ చిన్నోడు అనేవారు. చిన్నోడంటే మామూలు చిన్నోడు కాదు, గుమ్మంలోంచి తల వంచి రావాల్సిన మనిషి. బీరువా తలుపుని చంకలో పెట్టుకుని, రెండో చేత్తో టీ గ్లాసు పట్టుకుని నడిచేవాడు. అమ్మానాన్నా పోయేనాటికి వాడికింకా పాలపళ్ళు ఊడలేదు. అన్నం కలిపి పెట్టింది, బడికి తీసుకెళ్ళింది, అబద్ధమాడితే వీపు విమానం మోత మోగించింది, ఆనక పక్కన కూర్చుని ఏడ్చిందీ అన్నే. కాంపౌండరుకి పిల్లల్లేరు, పెళ్ళాం చిన్న వయసులోనే పోయింది. ఇంకో పెళ్ళి చేసుకోమంటే, "నాకున్న కొడుకు చాల్లే, వాణ్ణి మేపడానికే నా రెండు చేతులూ చాలట్లేదు" అనేవాడు. తమ్ముడికి పెళ్ళి చేశాడు. తమ్ముడికో కూతురు పుట్టింది, పేరు చిట్టి. సాయంత్రం షెడ్డు మూశాక రెండు వీధులు దాటి వాళ్ళింటికి పోయి, చిట్టిని భుజం మీదెక్కించుకుని తిప్పి, మరదలు పెట్టింది తిని, తన గదికి వచ్చి పడుకునేవాడు. ఆ మనిషి బతుకంతా అంతే. ఆ తమ్ముడు లేకపోతే అందులో ఏమీ మిగలదు.

ఆ యేడు ఎండలు ముదిరేసరికి షెడ్డులో సెగ్గడ్డలు మొదలయ్యాయి. ముందు వెల్డరుకి మెడ మీద లేచింది. తర్వాత గ్రైండింగువాడికి చంకలో. ఆ తర్వాత లప్పంవాడికి ఎక్కడ లేచిందో వాడు చెప్పడు, కూర్చోలేక నిలబడే టీ తాగుతుంటే అందరికీ అర్థమై పొట్టలు పట్టుకుని నవ్వారు. ఒంట్లో వేడి అన్నారు. మజ్జిగ తాగమన్నారు. రేకుల కింద ఎండలో పని చేసేవాడికి సెగ్గడ్డ రాకపోతేనే విడ్డూరం అన్నారు. చేతులు తుడుచుకునే తువ్వాలు అందరికీ ఒక్కటే, ఆ డబ్బా కూడా ఒక్కటే. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

కాంపౌండరు మాత్రం ఒకటి గమనించాడు. మందు ఇదివరకటంత చురుగ్గా పనిచేయడం లేదు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ లేస్తోంది. అతనేం చేయాలి? ఇంకెవరైనా అయితే ఆపేసేవారేమో. అతను ఇంకాసిని మాత్రలు సంపాదించి విప్పి కలిపాడు.

"ఈసారి ఘాటు పెంచానర్రా," అన్నాడు గొప్పగా. "ఇహ చూడండి."

అప్పుడే చిన్నోడి తొడ మీద మొటిమ లేచింది. సాలీడు కుట్టిందనుకున్నాడు వాడు. టీ తాగే వేళ అన్న వాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి, పంచె పైకి మడిచి, రెండు బొటనవేళ్ళతో ఆ మొటిమని గట్టిగా నొక్కాడు. అంత ఒళ్ళున్న మనిషి, "అబ్బా, చంపేస్తావా ఏంటి అన్నయ్యా!" అని అరిచాడు. "నోర్ముయ్, ఆడంగి వేషాలూ నువ్వూ" అని అన్న మందు పూసి, రోజుకి మూడుసార్లు వచ్చి రాయించుకోమన్నాడు. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.

మర్నాడు చిన్నోడు కుంటుతూ వచ్చాడు. ఆ మర్నాడు రాలేదు. పని మధ్యలో మరదలు షెడ్డులోకి పరిగెత్తుకొచ్చింది. ఏనాడూ ఆ గుమ్మం తొక్కని పిల్ల, కాళ్ళకి చెప్పుల్లేకుండా వచ్చింది.

"బావగారూ, ఆయన ఊపిరి తీసుకోలేకపోతున్నారు. ఒళ్ళు కాలిపోతోంది. ఏదేదో మాట్లాడుతున్నారు, నన్నే గుర్తుపట్టట్లేదు. త్వరగా రండి!"

కాంపౌండరు పరిగెత్తుకెళ్ళి చూశాడు. తొడ అరటి బోదెలా వాచి, ఎర్రగా నిగనిగలాడుతోంది. మొటిమ ఉన్నచోట మొటిమే లేదు, అక్కడ చర్మం నల్లబడింది. చిన్నోడి కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ ఎవర్నీ చూడటం లేదు. వెల్డరూ గ్రైండింగువాడూ కలిసి మోస్తే గాని ఆటోలోకి ఎక్కలేదు. దారి పొడుగునా అన్న వాడి తల ఒళ్ళో పెట్టుకుని, "ఏం లేదురా, మొటిమేరా, మొటిమకి ఎవరైనా చస్తారట్రా" అంటూనే ఉన్నాడు. ఆ మాట ఎవరికి చెప్పుకుంటున్నాడో అతనికే తెలియదు.

పెద్దాసుపత్రిలో చిన్నోణ్ణి తిన్నగా లోపలికి తీసుకుపోయారు. తొడ కోశారు. చీము ఎముక దాకా పోయిందన్నారు. ముక్కులో గొట్టాలు, చేతికి సూదులు, ఛాతీ మీద తీగలు. నిన్న మొన్నటిదాకా తలుపులు చంకలో పెట్టుకు తిరిగిన మనిషి, అద్దం అవతల పరుపు మీద పడేసిన దుప్పటిలా ఉన్నాడు. కాంపౌండరు ఆ అద్దం ముందు కొయ్యబారిపోయాడు. ఎవరైనా పలకరిస్తే ఒకటే మాట.

"మొటిమండీ. కందిగింజంత మొటిమ."

రెండో రోజుకి చిన్నోడికి ఇంకా ముదిరింది. అప్పుడు అతనితో మాట్లాడటానికి డాక్టరమ్మ బయటికొచ్చింది. నెరుస్తున్న జుట్టు, నిద్ర లేని కళ్ళు, కానీ మాట నెమ్మది. కుర్చీ చూపించినా అతను కూర్చోలేదు.

"మీ తమ్ముడికి పట్టుకున్నది స్టెఫైలోకాకస్ అనే క్రిమి. చాలామంది ముక్కుల్లో, చర్మం మీద ఊరికే ఉంటుంది, ఏమీ చెయ్యదు. తోలు తెగినచోట లోపలికి వెళ్తే గడ్డ కడుతుంది. ఇతనిది అందులో మొండి రకం. మామూలుగా వాడే యాంటీబయాటిక్‌లకి చావదు. రక్తంలో కలిసి ఊపిరితిత్తుల దాకా వెళ్ళింది."

"మరి మందే లేదాండీ?"

"ఒకటి రెండున్నాయి. మొదలుపెట్టాం. ఒళ్ళు తట్టుకోవాలి." ఆవిడ ఇంకో మాట అడిగింది. "మీ దగ్గర ఇంకెవరికైనా ఇలా గడ్డలు లేచాయా?"

లేచాయన్నాడు. ఎవరెవరికో, ఎక్కడెక్కడో, లప్పంవాడి సంగతి కూడా చెప్పాడు. మీరేం చేశారని అడిగింది. అప్పుడు కూడా, ఆ స్థితిలో కూడా, అతని గొంతులో కాస్తంత గర్వం తొంగిచూసింది పాపం.

"నా దగ్గర మందుందండీ. నేనే తయారు చేస్తాను."

ఎలా తయారు చేస్తాడో విన్నాక డాక్టరమ్మ ఆ డబ్బా తెమ్మంది. షెడ్డులో అందర్నీ రమ్మంది. ఒక్కొక్కరి ముక్కులో దూది పుల్ల తిప్పి తీశారు. వెల్డరు ఆపుకోలేక తుమ్మాడు. "బీరువాలు చేసేవాళ్ళకి ముక్కు పరీక్షలేంట్రా బాబూ" అని గ్రైండింగువాడు గొణిగాడు. కాంపౌండరు కూడా ముక్కు చాపాడు, మర్యాద కోసం. అతనికేముంది? పుట్టి బుద్ధెరిగాక ఒక్క సెగ్గడ్డ లేవలేదు. షెడ్డులో అందరికీ లేచినా తనకి లేవకపోవడం తన మందు మహిమేనని నలుగురిలో చెప్పుకున్నాడు కూడా.

ఫలితాలు వచ్చిన రోజున డాక్టరమ్మ తలుపు వేసి, అతన్ని ఒక్కణ్ణే కూర్చోబెట్టింది.

"మీలో చాలామంది ముక్కుల్లో ఉంది. మీ ముక్కులో కూడా ఉంది."

"నాకా? నాకేం రాలేదే!"

"మీకింకా గడ్డ లేవలేదు. మీరు మోస్తున్నారంతే. ముక్కు తుడుచుకుంటాం, అదే వేలు డబ్బాలో పెడతాం. గడ్డ మీద రాసిన వేలు మళ్ళీ డబ్బాలో పెడతాం. ఆ డబ్బాలో కూడా ఉంది, అదే రకం."

అతనికి మాట అర్థమైంది గాని తలకెక్కలేదు. లేచి నిలబడ్డాడు.

"ఎలా ఉంటుందండీ? దాంట్లో ఉన్నది మందండీ! డాక్టర్లు రాసిన మందే! మందులో పురుగెలా బతుకుతుంది?"

"ఆ మందులకి చచ్చేవి చచ్చిపోయాయి," అంది ఆవిడ. "వాటికి చావనివే మిగిలాయి. మీరు ఘాటు పెంచినా వాటికి లెక్క లేదు. మీ తమ్ముడికి అక్కణ్ణించే వచ్చిందని నేను ఒట్టేసి చెప్పలేను. ఆ షెడ్డులో తువ్వాలుంది, బల్లలున్నాయి, చేతులున్నాయి. మీ డబ్బా లేకపోయినా వచ్చేదేమో. కానీ ఇకమీదట అది ఎవరికీ రాయకూడదు. వేరే ఎక్కడైనా ఉందా? ఎవరైనా ఇంటికి తీసుకెళ్ళారా?"

"లేదండీ," అన్నాడు. "షెడ్డు దాటదు. నేనే రాస్తాను, నా చేత్తోనే."

నా చేత్తోనే అన్నాక ఆ చేతిని చూసుకున్నాడు. చిన్నప్పుడు అన్నం కలిపి పెట్టిన చెయ్యి, మొన్న మొటిమ నొక్కి మందు పూసిన చెయ్యి. నొక్కుతుంటే వాడు అరిచాడు కదా, అప్పుడు కూడా తను నవ్వాడు కదా! ఎవరైనా తలుపు తీసుకుని లోపలికొచ్చి, ఇదంతా ఉత్తిదే, పొరపాటున వేరేవాళ్ళ కాగితం చూశాం అని చెబుతారేమోనని తలుపు వంకే చూస్తూ నిలబడ్డాడు. ఎవరూ రాలేదు.

ముక్కులో పూసుకోమని వాళ్ళు వేరే మందిచ్చారు, స్నానానికి వేరే సబ్బిచ్చారు. అతను వాళ్ళు చెప్పినదానికన్నా ఎక్కువే రుద్దుకున్నాడు. తర్వాత షెడ్డు వైపు వెళ్ళలేదు. ఆసుపత్రి వరండాలో చేతులు రెండూ చంకల్లో దోపుకుని కూర్చునేవాడు. మరదలు టీ గ్లాసు అందిస్తే, "అక్కడ పెట్టమ్మా, నేను తీసుకుంటాను" అనేవాడు. చిట్టిని ఒక్కసారి తీసుకొచ్చారు. పెదనాన్నా అంటూ పరిగెత్తుకొస్తుంటే గోడకి అతుక్కుపోయి, "వద్దమ్మా, దూరం, దూరం" అన్నాడు. ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది. మరదలు ఏమిటని అడిగితే, జలుబు చేసిందన్నాడు. నిజం చెప్పలేదు. ముందు వాడు బతకాలి, వాడు బతికితే వాడికే చెబుతాను, కొడితే కొట్టనీ, ఉమ్మేస్తే ఉమ్మేయనీ అనుకున్నాడు.

చిన్నోడు బతికాడు. అంత తేలిగ్గా ఒక్క మాటలో అనేస్తున్నాను గాని, బతికేదాకా అన్న ఎన్నిసార్లు చచ్చాడో లెక్క లేదు. మొండి క్రిమికి మొండి మందే పడింది. జ్వరం దిగింది. గొట్టం తీశారు. కాలు మాత్రం సన్నగిల్లింది, మునుపటిలా బరువులు ఎత్తలేడేమో అన్నారు. ఎత్తకపోతే ఎత్తకపోయాడు! ఓ పొద్దున మరదలు కూతుర్ని చూసుకుని స్నానం చేసి వద్దామని ఇంటికి వెళ్ళింది. అప్పుడు అన్నకి పైన వేసుకునే గౌను, చేతులకి తొడుగులు, మూతికి గుడ్డ తగిలించి లోపలికి పంపారు.

చిన్నోడు బుగ్గలు లోపలికి పోయి ఉన్నాడు. అన్నని ఆ వేషంలో చూసి నవ్వబోయాడు. నవ్వు దగ్గుగా మారింది.

"ఇప్పుడు నిజంగానే కాంపౌండరువయ్యావు అన్నయ్యా."

చిన్నోడే మళ్ళీ అన్నాడు, నెమ్మదిగా, ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ.

"నన్ను తిట్టకు. తప్పు నాదే. రోజుకి మూడుసార్లు వచ్చి రాయించుకోమన్నావు గదా ఆ మందు. నేను బద్ధకించాను. ఇంటికెళ్ళి పడుకున్నాను. సరిగ్గా రాయించుకునుంటే ఇంతదాకా వచ్చేది కాదు. నిన్ను ఇంత ఏడిపించాను."

కాంపౌండరు మంచం పట్టీ పట్టుకున్నాడు. వాడు తిడతాడనుకున్నాడు గాని, క్షమాపణ చెబుతాడని కలలో కూడా అనుకోలేదు.

"తప్పు నీది కాదురా," అన్నాడు. "ఆ మందులోనే ఉంది. నీ కాలిని తినేసిన పురుగు ఆ డబ్బాలోనే ఉంది. నా ముక్కులో ఉంది. నా వేళ్ళతో నేనే నీకు పెట్టానేమోరా చిన్నోడా."

చిన్నోడు నొసలు ముడిచాడు. అన్న దెబ్బ కోసం ఎదురుచూసేవాడిలా తల వంచుకుని నిలబడ్డాడు. అంతలో వాడి చెయ్యి, సూది గుచ్చి ఉన్న చెయ్యి, లేచి అన్న గౌను పట్టుకుంది. కోపంతో కాదు. వాడి మొహంలో రక్తం చుక్క లేదు.

"అన్నయ్యా... ఇంట్లో ఉంది."

"ఏం ఉంది?"

"ఆ మందు. నీకు చెప్పకుండా చిన్న సీసాలో తెచ్చి నీ మరదలికిచ్చాను. చిట్టి ఊరికే పడుతుంటుంది గదా, దెబ్బలకి రాయమని. ఫోన్ చెయ్యి. ముందు ఫోన్ చెయ్యి అన్నయ్యా!"

కాంపౌండరు తలుపు తోసుకుని వరండాలోకి వచ్చాడు. మూతి గుడ్డ కిందికి దించి, తొడుగులు ఊడిరాక పళ్ళతో లాగాడు. నర్సు ఏదో అరుస్తోంది, వినబడలేదు. ఫోను మోగి మోగి, అవతల ఎత్తారు.

"ఎవరూ?"

"చిట్టీ, నేనమ్మా, పెదనాన్నని. అమ్మకివ్వు."

"అమ్మ స్నానం చేస్తోంది. పెదనాన్నా, నీ జలుబు తగ్గిందా? నేను మెట్ల మీద పడ్డా తెలుసా! మోకాలికి ఇంత రక్తం వచ్చింది. అస్సలు ఏడవలేదు. అమ్మని కూడా పిలవలేదు. నేనే నీ మందు సీసా తీసి, వేలు పెట్టి, అమ్మ రాస్తుందే అలా బోలెడంత రాసేసుకున్నా."

అతను గోడకి చెయ్యి ఆనించాడు.

"చిట్టీ, బంగారుతల్లీ, నా మాట విను. ఆ వేలు నోట్లో పెట్టుకోకు, ముక్కులో పెట్టుకోకు. మోకాలు ముట్టుకోకు. తలుపు కొట్టి అమ్మని పిలువు. నీళ్ళతో, సబ్బుతో బాగా కడగాలి. నేను వచ్చేస్తున్నా, ఇప్పుడే వచ్చేస్తున్నా."

ఆ పిల్ల, పెద్దవాళ్ళకి ఏమీ తెలియదన్నట్టు, నవ్వుతూ అడిగింది.

"కడిగేస్తే ఎలా తగ్గుతుంది పెదనాన్నా? అది నీ మందే కదా!"